రెండు నిమిషముల విమానయానము

స్కాట్లండునకు ఉత్తరమున నున్న ఆర్క్నీ దీవులలో వెస్ట్రే, పాపా వెస్ట్రే యనునవి రెండు. వీని విమానాశ్రయముల నడుమ దూరము సుమారు 2.7 కిలోమీటర్లు, పట్టికలో వ్రాసిన ప్రయాణకాలము రెండే నిమిషములు. గాలి అనుకూలించి 53 సెకనులలో దాటిన దినమును గలదు. మన కాఫీ చల్లాఱుటకైన నంతకంటె నెక్కువ సేపు పట్టును!

1967 నుండి నడచుచున్న యీ చిన్న విమానమున ఎనమండుగురు ప్రయాణికులకు మాత్రమే చోటు. వింతకొఱకు ఎక్కువారును గలరు. వారు పాపా వెస్ట్రేలోని నాప్ ఆఫ్ హౌవర్ అను, అయిదువేల యేండ్లకు పైబడిన రాతియింటిని చూచి వత్తురు. అందు పొయ్యిచోటును, ధాన్యము నూఱు రాయియు నేటికిని గలవు; నాకు విమానముకంటె నా రాయియే వింత.

ఆ దీవివారు నూఱుమందికి లోపే. వారికిది వినోదము గాదు. ఉపాధ్యాయులు, వైద్యులు, రోగులు దీనిలోనే వచ్చుచు పోవుచుందురు. పడవకు ఇరువదియైదు నిమిషములు పట్టును. సముద్రము పొంగినచో నదియు లేదు. పొగమంచు క్రమ్మినచో విమానము లేవదు. కిర్క్‌వాల్ పట్టణమున బిడ్డను వైద్యునకు చూపవలసిన తల్లి, ఎదుట నవతలి తీరము కనబడుచున్నను, వాతావరణము తేటపడువఱకు కనిపెట్టుకొని యుండవలసినదే.