కొల్లేట్లో దెయ్యం చేప

కొల్లేరనగానే పక్షులే గుర్తొస్తాయి. ఆటపాక వెళ్లినవాళ్లంతా గూడబాతుల్ని చూసి, ఫొటోలు తీసుకుని వచ్చేస్తారు. నీళ్లలో ఏం జరుగుతోందో తెలిసేది మాత్రం వల వేసేవాళ్లకే!

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉంటుందీ మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్లు ఇందులో చేరి, ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతాయి. కొర్రమీను, ఇంగిలాయి, గొరక.. ఇక్కడి పాత కాపులు. నీళ్లలో ప్రాణవాయువు తగ్గినా పైకొచ్చి గాలి పీల్చుకుని బతికే మొండి ఘటాలవి. ఇప్పుడు వాటిని మించిన మొండిది వచ్చిపడింది.

దాని సొంతూరు దక్షిణ అమెరికా. పేరు సక్కర్ క్యాట్‌ఫిష్. అక్వేరియం అద్దాలకు అతుక్కుని పాచి తినేస్తుందని ముచ్చటపడి పెంచుకున్నదే. అది తొట్టె పట్టనంత పెరిగేసరికి ఏ కాలవలోనో వదిలేశారు. అలా దేశంలో చాలాచోట్ల నదుల్లోకీ చెరువుల్లోకీ పాకింది. జాలర్లు దీన్ని దెయ్యం చేప అంటున్నారు.

పాచి తినేదానితో నష్టమేమిటనుకోవచ్చు. చిన్న చేపలూ, పిల్లలూ బతికేది ఆ పాచి మీదే! పైగా అడుగంతా నాకేస్తూ మిగతా చేపల గుడ్లనీ మింగేస్తుంది. తన గుడ్లని మాత్రం గట్టులో బొరియ తవ్వి దాచుకుంటుంది, మగది కాపలా కాస్తుంది. చేపల చెరువుల గట్లే ఆస్తిగా బతికే ప్రాంతంలో ఇదేం చిన్న సంగతి కాదు.

ఒంటి నిండా ఎముకల్లాంటి పలకలు, రెక్కలకు ముళ్లు. వలలో పడిందంటే దాన్ని విడదీసేసరికి వల చిరుగుతుంది. ప్యూర్టోరికోలో దీన్ని మింగబోయి, గొంతుకు అడ్డం పడి గూడబాతులు చనిపోయాయి. ఆటపాకలో ఉన్నదీ ఆ జాతి పక్షులే మరి.

కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. సరస్సులో వేసిన చేపల చెరువుల గట్లను 2006లో కొట్టేశారు. వరదొచ్చి గట్టు తెగితే చెరువులో చేప సరస్సులోకి వస్తుంది, దానికి హద్దు తెలియదు కదా! ఆహారం కోసం 1952లో దేశంలోకి తెచ్చిన తిలాపియా కూడా ఇలాగే చెరువు దాటింది. అది పిల్లల్ని నోట్లో దాచుకుని కాపాడుకునే రకం. అయినా దాన్ని కొనేవాళ్లున్నారు. దెయ్యం చేపకు ఆ గిరాకీ కూడా లేదు. గట్టు మీద పారేస్తే గంటల తరబడి కొట్టుకుంటూనే ఉంటుంది. కాస్త నీరు దొరికితే మళ్లీ బతికేస్తుంది. అందుకే, విసుగొచ్చినా సరే, పట్టినదాన్ని తిరిగి నీళ్లలోకి మాత్రం విసరొద్దంటారు మత్స్య నిపుణులు.