ఒకే ఇల్లు, ఒకే జబ్బు, ఎవరి తప్పు?



ఈ వారం రాసేది వర్తమానం కాదు, నా ఒప్పుకోలు. ఎవరి దగ్గర తప్పు చేశానో వాళ్ళ అనుమతి అడిగి, పేర్లు లేకుండా రాస్తున్నాను.

2021 మే నెల మీకు గుర్తుండే ఉంటుంది. తెల్లవారుజామున ఫోన్ మోగితే గుండె ఝల్లుమనే రోజులవి. మందిరానికి తాళం వేసి ఫోన్లోనే ప్రార్థనలు చేసుకున్నాం. ఆ నెలలో మన సంఘంలోని ఒక ఇంట్లో అందరికీ కరోనా వచ్చింది. తల్లికి డెబ్బై దాటాయి, షుగర్ కూడా ఉంది. ఆవిడ నాలుగు రోజులు జ్వరంతో పడుకుని లేచింది. ట్రాక్టర్ తోలే కొడుక్కి ముప్పై నాలుగేళ్ళు. బస్తాలు ఒంటి చేత్తో ఎత్తేవాడు. పన్నెండో రోజున ఆసుపత్రి నుంచి అతని శరీరం వచ్చింది. భూస్థాపనకి నలుగురమే ఉన్నాం.

తర్వాత రెండు వారాలకి నాకూ పరీక్షలో పాజిటివ్ వచ్చింది. నాకు తుమ్ము కూడా రాలేదు. మందిరం తెరిచిన మొదటి ఆదివారం నిలబడి సాక్ష్యం చెప్పాను. 91వ కీర్తన తీసి, ప్రార్థనలో నిలిచినవాణ్ణి తెగులు ఏమీ చేయలేదని గట్టిగా చెప్పాను. చాలామంది చప్పట్లు కొట్టారు. మూడో వరసలో ఆ కుర్రాడి భార్య, ఇద్దరు పిల్లలతో కూర్చుని ఉంది. నేను చూశాను. చూసి కూడా ఆపలేదు.

పై ఆదివారం ఆమె రాలేదు. తర్వాతా రాలేదు. నెల తర్వాత ఇంటికి వెళితే గుమ్మంలోనే అడిగింది. "అయ్యగారూ, మీ ప్రార్థన చాలింది, మా ఆయన ప్రార్థన చాల్లేదు. అంతేనా మీరు చెప్పింది?" పొయ్యి దగ్గర నుంచి అత్తగారు, "నేనేం పాపం చేశానో అయ్యా, నన్ను ఉంచి నా బిడ్డని తీసుకుపోయాడు దేవుడు" అని ఏడ్చింది. నా నోట మాట రాలేదు. రెండు నిమిషాలు ప్రార్థన చేసి వచ్చేశాను. ఆ రెండు నిమిషాలూ దేవుడి కోసం కాదు, అక్కణ్ణుంచి బయటపడడానికి చేశానని ఆయనకీ తెలుసు.

ఇలా రెండేళ్ళు గడిచాయి. 2023 క్రిస్మస్ సెలవులకి, మన సండే స్కూల్లో పెరిగి ఇప్పుడు మైక్రోబయాలజీ చదువుతున్న అమ్మాయి ఇంటికి వచ్చింది. నా భార్య ఇచ్చిన అరిసెలు తింటూ, "అయ్యగారూ, తప్పుగా అనుకోకపోతే ఒక మాట. ఆ రోజు మీరు చెప్పిన సాక్ష్యం గురించి" అంది. తర్వాత గంటసేపు ఓపిగ్గా చెప్పింది. నాకు అర్థమైనంత, మన ఊరి మాటల్లో చెబుతాను.

రాత్రి వీధిలో మొదటి ఇంట్లో దొంగ పడ్డాడనుకోండి. అక్కడి కుక్క వెంటనే మొరిగితే వీధంతా లైట్లు వేసుకుని తలుపులు బిగించుకుంటుంది. మన శరీరంలో ఆ మొరుగుడు లాంటిది ఇంటర్ఫెరాన్. 1957లో ఐజాక్స్, లిండెన్మాన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దాన్ని కనుగొన్నారు. వైరస్ దూరిన కణం దాన్ని విడుదల చేసి పక్క కణాలని హెచ్చరిస్తుంది. కుక్క మొరగకపోతే తెల్లారేసరికి దొంగ పది ఇళ్ళు తిరుగుతాడు. అప్పుడు ఊరంతా ఒక్కసారిగా లేచి చీకట్లో కర్రలు తిప్పితే దెబ్బలు సొంతవాళ్ళకే తగులుతాయి. కరోనాలో రెండో వారంలో చాలామందికి జరిగింది అదే. వైరస్ కంటే శరీరం చేసిన ఆలస్యపు పోరాటమే ఊపిరితిత్తుల్ని ఎక్కువగా దెబ్బతీసింది. అందుకే ఆ పోరాటాన్ని తగ్గించే డెక్సామెథాసోన్ అనే చవక మందు, ఆక్సిజన్ అవసరమైన రోగుల ప్రాణాలు కాపాడింది.

ఈ కుక్క ఎంత చురుగ్గా ఉంటుందన్నది కొంతవరకు మనం పుట్టుకతో తెచ్చుకున్న జన్యువుల్లో రాసి ఉంటుంది. 2020లో నెదర్లాండ్స్‌లో రెండు కుటుంబాల్లో ఇద్దరేసి అన్నదమ్ములు, మొత్తం నలుగురు, వెంటిలేటర్ మీదకి వెళ్ళారు. అందరూ 21 నుంచి 32 ఏళ్ళ మధ్యవాళ్ళు, పెద్ద జబ్బులేవీ లేనివాళ్ళు. ఒకరు చనిపోయారు. పరీక్షిస్తే, వైరస్‌ని పసిగట్టే టీఎల్ఆర్ 7 అనే జన్యువులో లోపం కనిపించింది. అది ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. మగవాడికి ఎక్స్ ఒక్కటే కాబట్టి ఆ ఒక్కటి పాడైతే ఇంకోటి ఆదుకోదు. అదే ఏడాది మరో పరిశోధనలో, ప్రాణాపాయ స్థితికి వెళ్ళిన 659 మందిని చూస్తే సుమారు 3.5 శాతం మందిలో ఇంటర్ఫెరాన్‌కి సంబంధించిన జన్యువుల్లో లోపాలున్నాయి. వాళ్ళలో చాలామందికి అంతకుముందు ఏ పెద్ద జబ్బూ చేయలేదు.

ఇంకొకటి మనకి మరీ దగ్గరిది. 3వ క్రోమోజోములో ఒక భాగం ఉన్నవాళ్ళకి కరోనా ముదిరే ప్రమాదం ఎక్కువ. అది నియాండర్తాల్ అనే ప్రాచీన మానవుల నుంచి వచ్చిందని 2020లో స్వాంటే పాబో, హ్యూగో జెబెర్గ్ చూపించారు. పాబోకి 2022లో నోబెల్ బహుమతి వచ్చింది. (ఆ వేల ఏళ్ళ లెక్కల గురించి మీలో కొందరు అడుగుతారని తెలుసు. అది మరో రోజు కూర్చుని మాట్లాడుకుందాం.) ఆ భాగం యూరప్‌లో సుమారు ఆరుగురిలో ఒకరికి ఉంటే, మన దక్షిణాసియాలో దాదాపు సగం మందికి కనీసం ఒక తండ్రి వైపు నుంచో తల్లి వైపు నుంచో వచ్చి ఉంది. ఆ సగం మందిలో చాలామంది బతికే ఉన్నారు కదా. అంటే అది ప్రమాదాన్ని పెంచుతుందే గాని తీర్పు చెప్పదు. వయసు, షుగర్, టీకా, సమయానికి ఆక్సిజన్ దొరకడం, ఇవన్నీ కలిసి లెక్కకి వస్తాయి.

"మరి నాకేమీ రాలేదేం?" అన్నాను. నవ్వింది. 2023లో వచ్చిన పరిశోధన ఒకటి చెప్పింది. హెచ్ఎల్ఏ-బి 15:01 అనే జన్యు రకం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ వచ్చినవాళ్ళకి, కరోనా సోకినా ఏ లక్షణమూ లేకుండా పోయే అవకాశం ఎనిమిది రెట్లకి పైగా ఎక్కువట. వాళ్ళ రక్షక కణాలు పాత జలుబు వైరస్‌ల దగ్గర నేర్చుకున్న గుర్తుతో ఈ కొత్తదాన్నీ పట్టేస్తాయట. నేనేమీ జన్యు పరీక్ష చేయించుకోలేదు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా పుట్టుకలో ఉచితంగా పెట్టినదాన్ని నా ప్రార్థనకి జీతంగా చూపించి, ఒక విధవరాలి ముందు గొప్పలు చెప్పుకున్నానేమో!

ప్రియులారా, ఇక్కడ ఇంకో గుంట కూడా ఉంది. పాపం అన్న మాట తీసేసి జన్యువు అన్న మాట పెట్టి, వేలు అలాగే చూపిస్తే ఏం లాభం? "వాళ్ళ వంశంలోనే ఉంది" అని సంబంధాలు తప్పిపోవడం మన ఊళ్ళలో చూడనిదా? యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగింది గుర్తు చేసుకోండి. తప్పు ఇతనిదా, కన్నవాళ్ళదా అని. ప్రభువు ఆ రెండు తలుపులూ మూసేశాడు. ఆ తర్వాత వాదన పెట్టుకోలేదు. కిందకి వంగి, బురద కలిపి, అతని కళ్ళ పని చూశాడు. ఏ తల్లీ జన్యువుల్ని ఏరి బిడ్డకి పెట్టదు. ఆమెకి ఎలా వచ్చాయో అలాగే ఇస్తుంది.

జన్యువుల సంగతి తెలుసుకున్నది కూడా వేలు చూపించడానికి కాదు, పని చూడడానికి. బ్రిటన్‌లో ఐసీయూల్లో ఉన్న రెండు వేల మందికి పైగా రోగుల జన్యువులు చదివితే టీవైకే 2 అనే జన్యువు బయటపడింది. కీళ్ళవాతానికి వాడే బారిసిటినిబ్ అనే మాత్ర ఇక్కడ పనికి రావచ్చని దాన్నిబట్టి ఆలోచించారు. 2022లో పెద్ద పరీక్షలో ఆ మాత్ర మరణాలని తగ్గించిందని తేలింది. దాన్ని కూడా నేను దేవుని కృప అనే అంటాను.

2024 మొదటి వారంలో ఆ ఇంటికి వెళ్ళాను. ఈసారి ముందు ప్రార్థన చేయలేదు. "అమ్మా, ఆ రోజు నేను మాట్లాడింది తప్పు. మీ ఆయన విశ్వాసంలో లోటు లేదు. నన్ను క్షమించు" అన్నాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మజ్జిగ తెచ్చి ఇచ్చింది. పెద్దావిడ దగ్గర కూర్చుని, "ఇందులో నీ పాపం లేదమ్మా" అని చెప్పాను. "నిజంగానా అయ్యా?" అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ చెప్పాను. తర్వాతి ఆదివారం సంఘం ముందు నా సాక్ష్యాన్ని సరిచేసుకున్నాను. ఆమె ఆ రోజు రాలేదు. మట్టల ఆదివారం నాడు పిల్లల్ని తీసుకుని వచ్చింది.

మీకు ఒకటే మనవి. చావు జరిగిన ఇంటికి వెళ్ళినప్పుడు కారణాలు చెప్పకండి. యోబు స్నేహితులు ఏడు రోజులు నేల మీద మౌనంగా కూర్చున్నంతసేపూ మంచి స్నేహితులే. నోరు తెరిచాకే చెడిపోయారు. షుగర్, బీపీ ఉన్నవాళ్ళు మందులు మానకండి. డాక్టర్లు చెప్పిన టీకాలు వేయించుకోండి. జబ్బు తేలిగ్గా పోతే దేవునికి కృతజ్ఞత చెప్పండి. అయితే చెప్పే ముందు మూడో వరసలో ఎవరు కూర్చున్నారో ఒకసారి చూడండి.

తండ్రీ, మా నోటికి కావలి పెట్టు. నలిగినవారి పక్కన ఊరకే కూర్చునే ప్రేమ మాకు నేర్పు. ఆమేన్.

ప్రభువు సేవలో,
మీ పాస్టర్