బుడమేరు

విజయవాడలో నుండి కృష్ణను విడిచి బుడమేరును గూర్చి వ్రాయుట యేమని సోదరీమణులు మమ్ము గోపింపకుందురు గాక. కృష్ణను కొనియాడువారికి కొదువ లేదు. బుడమేరును పేరు పెట్టి పిలుచువారే తక్కువ.

మన ప్రాంతమున మహానదులు సంస్కృతనామములు దాల్చి పురాణముల కెక్కినవి. చిన్న ప్రవాహములకు మాత్రము మన తెలుగు 'ఏరు' నిలిచినది. మున్నేరు, పాలేరు కృష్ణలో గలియును. తమ్మిలేరు, బుడమేరు కృష్ణవంక జూడక కొల్లేటిలో బడును; అచ్చటి నీటిని ఉప్పుటేరు సముద్రమునకు గొనిపోవును. బుడమేరు పుట్టినది మైలవరము పైని కొండలలో. వేసవిలో నిందు బిందె ముంచుటకు నీ రుండదు. వానకాలమున కొండనీ రంతయు నొక్కమారుగా దిగును.

మా యత్తగారిది వెలగలేటి దాపున నొక పల్లె. పొలముగట్లపై బ్రాకు బుడమకాయలు కోసి యొడిలో వేసికొని చిన్ననాట నేరు దాటెడివారట. ఆ చిఱుకాయయే యేటికి బేరిచ్చినదని తలచుట మాకు ప్రీతి.

వెలగలేటికడ తలుపులు కట్టి, వరదనీటిని కాలువగుండ ఇబ్రహీంపట్నము వైపు కృష్ణకు మరలించిరి. 2015లో పట్టిసీమ గోదావరిజలము పోలవరము కుడికాలువ వెంట వచ్చి, ఈ మరలింపు కాలువ త్రోవనే తొలిసారి కృష్ణను జేరెను. ఆ కూడలి పవిత్రసంగమ మయ్యెను. స్నానమునకు బోయి రెండు మహానదులను దలచితిమి. త్రోవ యిచ్చిన యేటిని దలచినవారు మాలో నొక్కరును లేరు.

సింగునగరు వైపున మేము స్థలము కొన్ననాడు, "ప్రక్కన నున్న దేమి?" అని మావా రడిగిరి. "మురుగుకాలువ" అని యమ్మినవారు చెప్పిరి. నల్లని నీరు, గుఱ్ఱపుడెక్క చూచి మేమును నమ్మితిమి. అత్తగారు వచ్చి చూచినంతనే, "ఇది మా ఏరే కదుటే అమ్మాయీ! ఏటి కడుపులో ఇల్లు కడతారుటే?" అనిరి. మేము నవ్వితిమి.

2024 సెప్టెంబరు 1, ఆదివారము. ముందునాటి కుంభవృష్టికి కొండనీరు దిగెను. మరలింపు కాలువ కట్ట మూడుచోట్ల తెగెను. అన్నము వార్చకమునుపే నీరు గడప దాటినది. సాయంకాలమునకు కిటికీ మునిగెను. మఱునాడు ప్రకాశం బరాజు వద్ద కృష్ణయు 11 లక్షల క్యూసెక్కులకు పైగా బాఱుచుండెను. పెద్దనది నిండియుండగా చిన్న యేటినీటి కెక్కడ చోటు?

ప్రక్కయింటివారి డాబాపై దినములు గడపితిమి. పడవలు రాలేని సందులలో యంత్రములు గాలిలో వచ్చి యన్నపుపొట్లములు దించినవి. పిల్లలు చప్పట్లు చఱచిరి. మాకు దుఃఖము వచ్చెను. పడమటింటి గ్యాసుబండ తేలిపోవుచుండ జూచితిమి. సామాను మరల గొనవచ్చును. మా తండ్రిగారు మమ్ము ఒడిలో గూర్చుండబెట్టికొని చదివించిన భారతము అట్టడుగు బీరువాలో నున్నది. నీరు దీసిన తరువాత నెండబెట్టితిమి గాని, సభాపర్వము పుటలు నేటికిని విడివడవు.

"నేను చెప్పలేదా" అని యత్తగారు ఒక్కమాటైన ననలేదు. డాబా పిట్టగోడపై జేయి వేసి, పాఱు నీటిని జూచుచు, "ఇటు నుంచే కొల్లేటికి పోతుంది" అని తనలో దా మనుకొనిరి. ఆ చేయి చూపిన దిక్కుననే మఱునాడు పీట యొకటి కొట్టుకొనిపోయెను.

వెనుక మేము జాబులమీద, ఇంటిగుఱుతు నిమిత్తము, 'కాలువప్రక్క' అని వ్రాయుచుంటిమి. ఇప్పుడు 'బుడమేటి యొడ్డున' అని వ్రాయుచున్నాము. మావారు మొదట నవ్విరి. మొన్న తమ జాబుమీద వారును అట్లే వ్రాసిరి.