చేవ్రాలు

బాలునిచేత ఓనమాలు దిద్దించుటకు మించిన పుణ్యకార్యము లేదని మా తండ్రిగారు చెప్పుచుండెడివారు. ఇరువది సంవత్సరములుగా నారాయణఖేడ్ ప్రాంతమున ఉపాధ్యాయులమై యుండి మేమును ఆ మాటనే నమ్మితిమి. అక్షరము మనుష్యుని రక్షించును, నిజమే. కాని యదే యక్షరము మనుష్యుని వంచించుటకును సాధనము కాగలదనియు, అట్టి వంచనలో మా చేయి కూడ నుండెననియు ఇటీవల గాని మాకు తెలిసిరాలేదు. చెప్పుకొనుటకు సిగ్గగుచున్నను, చెప్పినచో ఒకరికైన మేలు కలుగునేమో యను నాసతో చెప్పుచున్నాము.

మా యూరు సంగారెడ్డి జిల్లాకు వాయవ్యపు కొస. బీదరు సీమ మాకు పొరుగు. మహారాష్ట్రమును దూరము కాదు. సంతనాడు మా వీథిలో తెలుగు, ఉర్దూ, కన్నడము, మరాఠీ, లంబాడీ కలగలుపుగా వినవచ్చును. వాన కురిసిననే పంట. కురియని యేడు తండాలు సగము ఖాళీ. కొందరు చెఱకు నఱుకుటకును, కొందరు హైదరాబాదున మేడలు గట్టుటకును పోవుదురు. పదవతరగతి దాటిన పిల్లలు మూటముల్లె కట్టుకొని పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారముల కర్మాగారములకు బస్సెక్కుదురు. వారిని బస్సెక్కించి వచ్చిన తల్లి, "మా పిలగాడు కంపెనీల చేరిండు సారూ" అని గర్వముతో చెప్పును. మేమును సంతోషింతుము. అచ్చట వానికి పని నేర్పువా రెవరని మే మెన్నడు నడిగినవారము కాము.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ప్లాస్టిక్ కర్మాగారపు మేనేజరుగారు పరిచయస్థుల ద్వారమున మమ్ము పిలిపించిరి. కార్మికుల క్షేమమునకై యింగ్లీషులో నున్న పదునాలుగు నియమములను తెలుగుచేయవలసినదని కోరిరి. సంస్కృతము చదివినవారము, ఇంగ్లీషు నెఱిగినవారము. పని తేలికగ దోచెను. మూడు రాత్రులు కూర్చుండి యొక్కొక్క పదమును తూచితూచి వ్రాసితిమి. అందొక నియమ మిట్లుండెను: "రక్షణావరణ రహితముగా యంత్రచాలనము సర్వథా నిషిద్ధము, చలద్యంత్ర ప్రక్షాళనమున హస్తప్రవేశము అనర్థదాయకము." ఎంత బిగువుగా కుదిరెనని మేమే మురిసితిమి. దానిని అద్దపుచట్రములో బిగించి గోడకు వ్రేలగట్టిరి. మాకు శాలువ కప్పిరి.

ఆ కర్మాగారముననే మా శిష్యు డొకడు కూలికి కుదిరెను. తండాపిల్లవాడు. వాని చేతివ్రాత ముత్యాలకోవ. తరగతిలో చేవ్రాలు నేర్పునాడు వానిని బల్లయొద్దకు బిలిచి, అందఱికి మాదిరిగా వ్రాయించెడివారము. ఒకనాటి రాత్రి పాళిలో రెండు రోలరుల నడుమ సరకు చిక్కుకొనగా, యంత్రము నాపక, చేతితో లాగబోయి కుడిచేతి మూడువ్రేళ్ళను పోగొట్టుకొనెను. రోలరులకు ముందుండవలసిన ఇనుపజాలీని పని కడ్డమగుచున్నదని అంతకుముందే తీసి మూల బెట్టియుండిరట.

మేము తండాకు పోయి చూచితిమి. వాకిట నులకమంచముపై కూర్చుండి యుండెను. "గోడమీది నియమములను చదువలేదా నాయనా?" అని యడిగితిమి. అడిగినది పరామర్శయో ఆక్షేపణయో యిప్పటికిని మాకే తెలియదు. వాడు తలవంచి, "చదివిన సారూ. మీరే రాసిండ్రని మేనేజర్ సారు చెప్పిండు. మస్తు గొప్పగున్నది. గని సమజ్ కాలే" అనెను. కొంచెము సేపటికి, "చేరిన దినమే రిజిస్టర్ల సంతకం పెట్టమన్నరు. మీరు నేర్పినట్లు మంచిగనే పెట్టిన" అనెను.

ఆ పుటలో నేమున్నదో తరువాత తెలిసికొంటిమి. "నాకు యంత్రశిక్షణ మొసగబడినది, నియమములను గ్రహించితిని" అని అచ్చువేసిన వాక్యము క్రింద వాని ముత్యాల చేవ్రాలు. మేస్త్రీ ద్వారమున వచ్చిన కూలి గనుక వానికి భీమా లేదు. వాని పేరు కర్మాగారపు హాజరుపట్టీలోనే లేదు. కాని శిక్షణపుస్తకములో మాత్ర మున్నది! పని చేసెనని చెప్పుటకు సాక్ష్యము లేదు గాని, తప్పు వానిదే యని చెప్పుటకు సాక్ష్యము సిద్ధముగ నుండెను. ఆ సాక్ష్యమును వ్రాయ నేర్పినవారము మేము. గ్రహింపరాని నియమములను వ్రాసినవారమును మేమే.

ఇంటికి వచ్చి చట్టమును దెప్పించి చదివితిమి. 1948 సంవత్సరపు ఫ్యాక్టరీల చట్టము 1949 ఏప్రిలు 1వ తేదీనుండి అమలునకు వచ్చినది. అందు యంత్రముల ప్రమాదభాగములకు కంచె వేయవలెనని యున్నది. నడుచుచున్న యంత్రమును ముట్టవలసివచ్చినచో ప్రత్యేకశిక్షణ పొంది, పేరు నమోదయి, యజమాని యిచ్చిన బిగుతుదుస్తులను ధరించినవాడే ముట్టవలెనట. చట్టసారమును ఇంగ్లీషుననే కాక, కార్మికులలో నధికసంఖ్యాకులకు తెలియు భాషలో గోడపై ప్రకటింపవలెను. మేస్త్రీ తెచ్చిన కూలియు చట్టము దృష్టిలో కార్మికుడే. 1984 డిసెంబరులో భోపాలున విషవాయువు వేలమందిని బలిగొన్న పిమ్మట, 1987లో ఆ చట్టమునే సవరించి, అపాయముల నెఱుగుటకును, శిక్షణము పొందుటకును, ప్రమాదము పొంచియున్నదని హెచ్చరించుటకును కార్మికునకు హక్కు నిచ్చిరి. "తెలియు భాష" యను రెండు మాటలయొద్ద మేము చాలసేపు ఆగిపోయితిమి. తెలుగే గదా వ్రాసితిమి! కాని యది యెవరి తెలుగు?

చట్ట మెపుడును శవయాత్ర వెంట నడచి వచ్చును. 1911 మార్చి 25న న్యూయార్కులోని ట్రయాంగిల్ బట్టల కర్మాగారము తగులబడి 146 మంది మడసిరి. వారిలో పెక్కురు వయసు పిల్లలు. తలుపునకు తాళము వేసియుండెను. ఆ చితులు చల్లారిన పిమ్మటనే యచ్చట కర్మాగారముల శాసనములు మారినవి. మనకును అనుభవము కొదువ లేదు. 2020 మే 7న తెల్లవారుజామున విశాఖపట్టణమునొద్ద వెంకటాపురమున స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది ప్రాణములు విడిచిరి. 2025 జూన్ 30న మా జిల్లాలోనే, పాశమైలారమున, మందుబిళ్ళలలో చేర్చు సెల్యులోజ్ పొడిని జేయు సిగాచి కర్మాగారమున ప్రేలుడు గలిగి ఏబదిమందికి పైగా అసువులు బాసిరి. వారిలో బీహారు, ఒడిషా మొదలగు దూరప్రాంతములవా రనేకులు. కొందరి దేహములను డీఎన్‌ఏ పరీక్షచే గాని గుర్తింపజాలకపోయిరి. దానికి కారణములను నిర్ణయించుట విచారణాధికారుల పని. ఆ తీర్పు చెప్ప మేము సాహసింపము. కాని ఆ వార్త విన్న రాత్రి మా యూర ఎన్ని యిండ్లలో ఫోనులు మ్రోగినవో మే మెఱుగుదుము.

ఇట్టివి జరిగినపుడెల్ల మనవారు "గాచారం" అందురు. చదివినవారము "విధి" యందుము. మాటయే వేఱు, సోమరితన మొక్కటే. దసరానాడు యంత్రమునకు పసుపుకుంకుమ లిడి, నిమ్మకాయ గట్టి, గుమ్మడికాయ పగులగొట్టుదుము. మేము పూజను తప్పుపట్టము. కాని కుంకుమబొట్టు పెట్టిన చేతనే విప్పిన జాలీని తిరిగి బిగించినచో ఆ దేవత మఱింత ప్రసన్నురాలు కాదా? నుదుటివ్రాత యని మనము చెప్పుకొనునది పెక్కుసారులు యజమాని లెక్కపుస్తకములోని వ్రాతయే.

శిక్షణ మన నేమి? మన యిండ్లలో తల్లి కూతునకు కత్తిపీట నెట్లు నేర్పును? నియమములను వ్రాసి గోడకు దగిలించునా? తాను ప్రక్కన గూర్చుండును. ముందు మెత్తని కాయ నిచ్చును. వ్రేలు అంచుదాక వచ్చినపుడు గదమాయించును. అరటికాయ చేతికి వచ్చువరకు గుమ్మడికాయ నీయదు. బిడ్డ నేర్చినదనుటకు ఆమెకు సంతకముతో పని లేదు, తరిగిన ముక్కలే సాక్ష్యము. శిక్షణ మనగా నిదియే. చూపుట, చేయించుట, తప్పును దిద్దుట, నేర్చువఱకు విడువకుండుట. కంటి కానని యపాయములకు మఱింత వివరణ కావలెను. ఇంటిలో పిండి నిరపాయమైన వస్తువు. ఆ మెత్తని పిండియే మూసిన గదిలో గాలినిండ లేచినపుడు ఒక్క నిప్పురవ్వ తగిలిన మందుగుండువలె ప్రేలును. ఇది శాస్త్రము. మేనేజరునకు తెలిసినదే, చీపురు పట్టిన కూలికిని తెలియవలదా?

ఇపుడు ఆ పాత చట్టమునకు మాఱుగా, 2020లో చేసిన వృత్తిభద్రతాసంహిత 2025 నవంబరు 21 నుండి అమలునకు వచ్చినది. ప్రతి యుద్యోగికిని నియామకపత్ర మీయవలెననియు, క్షేమమునకై చేయు దేనికిని వానినుండి రుసుము గొనరాదనియు అందున్నది. చేతితొడుగుల వెలను కూలినుండి విఱుచు మేస్త్రీలు దీనిని వినవలెను. కాని విద్యుచ్ఛక్తితో నడుచు పనిచోటు "కర్మాగార" మనిపించుకొనుటకు లోగడ 10 మంది పనివారు చాలుచుండగా, ఇపుడు 20 మంది కావలెను. చిన్న రోలరు చిన్న వ్రేలినే నలుపునా? చట్టపు గీటునకు వెలుపలనున్న యజమానికి తన మనస్సాక్షియే ఇన్‌స్పెక్టరు కావలసియున్నది.

ఈ పత్రికను చదువు గృహస్థులు "మాకు కర్మాగారములు లేవు గదా" యనవచ్చును. ఇల్లు కట్టించునపుడు మీరు యజమానులు కారా? పరంజాపై నిలిచిన తాపీవానికి నడుముత్రాడు లేదని మీ రెన్నిమారు లడిగితిరి? రక్షణసాధనములు లేక మరుగుదొడ్డి తొట్టిలోనికి మనిషిని దింపి శుభ్రముచేయించుట 2013 సంవత్సరపు చట్టముచే నిషిద్ధము. ఆ గోతిలోని వాయువునకు ఒకడు, వానిని రక్షింప దిగి మఱియొకడు చచ్చుట మనము వినుచునే యున్నాము. బేరమాడునపుడు పది రూపాయలు తగ్గించుకొందుము. ఆ తగ్గిన పదిలో ఎవరి త్రాడు తెగినదో లెక్కింపము.

మేము చేసిన ప్రాయశ్చిత్తము స్వల్పము. మఱల తండాకు పోయి, ఆ పదునాలుగు నియమములను శిష్యునకు చదివి యర్థము చెప్పి, "నీవైన నెట్లు వ్రాయుదువు?" అని యడిగితిమి. వాడు చెప్పగా మేము వ్రాసితిమి. మా "చలద్యంత్ర ప్రక్షాళనము" వాని నోట నిట్లయ్యెను: "మిషన్ బంద్ చేయనిది చెయ్యి పెట్టకు." దానినే లంబాడీలోను హిందీలోను వాడే చెప్పెను. ఆ కాగితమును శాలువతో గూడ మేనేజరుగారికి పంపితిమి. చట్రము మార్చిరో లేదో మాకు తెలియరాలేదు.

మా పాఠశాలలో మాత్ర మొక మార్పు జరిగినది. చేవ్రాలు నేర్పునాడు పిల్లలకొక కాగిత మిత్తుము. "పైనున్నది చదివి, నీ మాటలలో చెప్పినగాని క్రింద వ్రాయకు, తెలియకున్న తెలియలేదని చెప్పుము" అందుము. మొన్న ఆ పాఠమునకు మా శిష్యుని బిలిచితిమి. ఎడమచేత సుద్దముక్క పట్టి నల్లబల్లమీద తన పేరు వ్రాసెను. అక్షరములు వంకరలుపోయినవి. పిల్లలెవ్వరును నవ్వలేదు.