మూడుసార్లు కాలిన ఫ్యూజు



మన మారుతీ 800 మీకందరికీ తెలిసిందే. 1999 మోడల్, తెల్ల బండి, ఇంకా ఏపీ 23 నంబరే. మన నారాయణఖేడ్ మెదక్ జిల్లాలో ఉన్నప్పటి నంబరు అది. 2016లో మనం సంగారెడ్డి జిల్లాలోకి వచ్చాం గానీ బండి మెదక్ బండిగానే ఉండిపోయింది. కంపెనీ ఈ మోడల్ తయారీ 2014లోనే ఆపేసింది. పదిహేనేళ్లు దాటింది కాబట్టి ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషను పొడిగించుకుంటూ నడుపుతున్నాను. మీలో చాలామంది ఆ బండిని ఒక్కసారైనా తోసినవాళ్లే. తోయనివాళ్లు చిన్నపిల్లలు మాత్రమే.

ఆ బండి వైరింగ్‌లో నేను చేసిన ఒక పని సంగతి ఇన్నాళ్లూ మీకు సగమే చెప్పాను. ఈరోజు మిగతా సగం రాస్తున్నాను.

కంగ్టి వైపు, మనూరు వైపు తండాల్లో కూడికలు ముగించుకొని రాత్రి తిరిగి వస్తుంటే హెడ్‌లైట్లు వెలుగుతున్నాయా లేదా అన్నట్టు ఉండేవి. ఎదురుగా గేదె నిలబడ్డా దగ్గరికొచ్చేదాకా కనబడేది కాదు. బల్బులు మార్చాను, లాభం లేదు. అప్పుడు మల్టీమీటరు కొని ఇంజను ఆన్‌లో పెట్టి చూశాను. బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు, బల్బు వెనక 11.6. రెండు వోల్టుల పైచిలుకు దారిలోనే పోతున్నాయి.

ఎందుకంటే, పాత బండ్లలో లైటుకు వెళ్లే కరెంటు మొత్తం స్టీరింగ్ దగ్గరి డిప్పర్ స్విచ్ గుండా తిరిగి వస్తుంది. సన్నని వైరు, పొడవైన దారి, పాతికేళ్లుగా మాడి నల్లబడ్డ కాంటాక్టులు. ఒక బల్బు 60 వాట్లు, రెండు కలిపి 120. పన్నెండు వోల్టుల మీద అది 10 ఆంపియర్లు. అంత కరెంటు ఆ ఇరుకు సందులో నుంచి పోవాలి. వోల్టేజీలో ఆరోవంతు పోతే పోయేది ఆరోవంతు వెలుతురే అనుకుంటాం, అలా కాదు. ఈ రకం బల్బులో దాదాపు సగం వెలుతురు పోతుంది. నేను సెమినరీలో గ్రీకు అక్షరాలు నేర్చుకున్నాను గానీ, ఓమ్ సూత్రం పదో తరగతి తర్వాత మళ్లీ చూసింది ఈ బండి పుణ్యమా అనే. ఓమ్‌కు వాడే గుర్తు ఒమేగా అని అప్పుడు గుర్తుకొచ్చి ఒక్కడినే నవ్వుకున్నాను.

షాపాయన 100/90 వాట్ల బల్బులు వేసుకోమన్నాడు. ఎవరైనా అలా చెబితే వినకండి. ఆ బల్బులు రోడ్డు మీద వాడటానికి కావు. ఎదుటివాడి కళ్లు పోతాయి, మన వైర్లు కాలతాయి. సరైన మందు రిలే. అది అగ్గిపెట్టెంత ఉంటుంది. పాత స్విచ్ ఇక లైటును వెలిగించదు, రిలేకు సైగ మాత్రమే చేస్తుంది. ఆ సైగకు ఆంపియర్లో ఐదో వంతు కరెంటు చాలు. రిలే లోపల చిన్న అయస్కాంతం పనిచేసి పెద్ద కాంటాక్టు మూసుకుంటుంది, అప్పుడు బ్యాటరీ నుంచి లావు వైరు గుండా నేరుగా బల్బుకు కరెంటు వెళ్తుంది. రిలే అడుగున నంబర్లు ఉంటాయి: 30కి బ్యాటరీ, 87కి బల్బు, 86కి స్విచ్, 85కి ఎర్త్. డిమ్ముకు ఒకటి, బ్రైటుకు ఒకటి పెట్టాలి. కొన్ని జపాన్ తరహా బండ్లలో స్విచ్ ప్లస్ వైపు కాక ఎర్త్ వైపు ఉంటుంది కాబట్టి ముందు టెస్ట్ ల్యాంపుతో చూసుకోవాలి. ఎర్త్ బిగించేచోట పెయింటు గీకి రేకు మెరిసేదాకా తుడవాలి.

ఇవన్నీ చేశాను. ఒక శనివారం పొద్దంతా పట్టింది. సాయంత్రం మందిరం గోడ మీదికి లైటు వేస్తే, ఆ గోడకు సున్నం ఎక్కడెక్కడ రాలిందో అన్నీ కనబడ్డాయి. మా ఇంటామె బయటికొచ్చి చూసి, "ఇంక మీ ప్రసంగం కంటే ఈ లైట్ల సాక్ష్యమే ఎక్కువ చెప్తారు" అంది. అన్నట్టే చెప్పాను కూడా. ఎన్ని కూడికల్లో చెప్పానో మీకే తెలుసు.

తప్పు ఆ తర్వాత చేశాను.

తండాల్లో కూడికలకు ఆంప్లిఫైయరు కావాలి. మన ఆంప్లిఫైయరు బ్యాటరీ మీద కూడా నడుస్తుంది. దానికి వేరే లైను, వేరే ఫ్యూజు వేయాలి. నేను బద్ధకించి, లైట్ల లైనులోనే ఫ్యూజు తర్వాత ఒక వైరు కలిపి, ఇంజనుకూ డ్యాష్‌బోర్డుకూ మధ్య ఉండే రేకుకు రంధ్రం చేసి లోపలికి లాగాను. రంధ్రానికి రబ్బరు బుష్ పెట్టలేదు. చేతిలో లేదు, అందుకని టేపు చుట్టాను. మన ఎండలకు ఇంజను పక్కన టేపు ఎన్నాళ్లు ఉంటుంది? జిగురు కరిగి జారిపోయింది. గతుకుల రోడ్డు మీద వైరు ఆ రేకు అంచుకు రాసుకుంటూ ఉంది. నాకు కనబడలేదు.

ఫ్యూజుకు మాత్రం తెలిసింది. 20 ఆంపియర్ల ఫ్యూజు, పసుపు రంగుది, మొదటిసారి కూడిక మధ్యలో కాలింది. ఇంకొకటి వేశాను. రెండు వారాలకు మళ్లీ కాలింది. ఫ్యూజు నాసిరకం అనుకున్నాను. మూడోసారి రాత్రి, ఊరికి కొంచెం దూరంలో కాలింది. లైట్లు కూడా అదే లైను కదా, ఒక్కసారిగా చీకటి. డబ్బాలో ఫ్యూజు లేదు. పక్కనే పాన్ డబ్బా ఉంటే సెల్లు వెలుతురులో నడిచివెళ్లి ఖాళీ సిగరెట్ పెట్టె ఇమ్మన్నాను. అతను నన్ను గుర్తుపట్టాడు. "పాస్టర్ సారూ, మీరా?" అన్నాడు. లోపలి వెండి కాగితం కోసమని చెప్పినా నమ్మినట్టు లేదు. ఆ కాగితం మడిచి కాలిన ఫ్యూజుకు చుట్టి పెట్టాను. లైట్లు వెలిగాయి. ఆ రాత్రి ఇల్లు చేరడానికి అది సరే. తెల్లారి తీసేయాల్సింది. నాలుగు నెలలు తీయలేదు. ఆ నాలుగు నెలలూ బండి ఒక్కసారి కూడా సతాయించలేదని మురిసిపోయాను.

మన సంఘంలో మోటారు వైండింగ్ పని నేర్చుకుంటున్న తమ్ముడు ఒకడున్నాడు. పేరు రాయను, చదివితే సిగ్గుపడతాడు. ఒకరోజు నీళ్లు పోద్దామని బానెట్ తెరిచి అది చూశాడు. "అయ్యగారూ, గిది ఫ్యూజు కాదు. గిట్ల ఉంచొద్దు, వైరే కాలుతది" అన్నాడు. నేను నవ్వి, "దేవుడు చూసుకుంటాడు లేరా" అన్నాను. ఇంకేమంటాడు పాపం. పాస్టరు దేవుని పేరు ఎత్తాక ఇరవై ఏళ్ల పిల్లవాడు ఏం మాట్లాడతాడు? బానెట్ మూసి వెళ్లిపోయాడు.

పోయిన వానాకాలం ఒక తండా నుంచి ఫోన్ వచ్చింది. సంఘ సహోదరి వాళ్ల అత్తమ్మకు ఆయాసం. 108కి చేయమని చెప్పొచ్చు. చెప్పలేదు. నా లైట్ల మీద నాకు అంత గర్వం. వెళ్లాను, ఆమెను వెనక సీట్లో కూర్చోబెట్టుకొని ఖేడ్ వైపు బయలుదేరాను. సగం దారిలో ప్లాస్టిక్ కాలే వాసన. డ్యాష్‌బోర్డు కింద నుంచి పొగ. లైట్లు రెండుసార్లు మిణికి ఆరిపోయాయి. కారు బ్యాటరీ చిన్నదే గానీ స్టార్టరుకు వంద ఆంపియర్ల పైగా ఇవ్వగలదు. వైరు రేకుకు తగిలి షార్టయితే ఆ బలమంతా ఆ వైరులోకే వస్తుంది. ఆపడానికి ఫ్యూజు ఉండాలి. అక్కడ ఉన్నది సిగరెట్ కాగితం.

అందరినీ దించి, బానెట్ తెరిచి, అంగీ చేతికి చుట్టుకొని బ్యాటరీ టెర్మినల్ పీకేశాను. పది నంబరు స్పానర్ ఉండాలి గానీ ఆ క్షణాన ఎక్కడుందో తెలియలేదు. అదృష్టమనను, దేవుని దయ అంటాను, టెర్మినల్ వదులుగానే ఉంది. దాన్ని బిగించుకోకపోవడం కూడా నా నిర్లక్ష్యమే. వానలో, చీకట్లో ఆ పెద్దమ్మ రోడ్డు పక్క రాయి మీద కూర్చొని ఊపిరి కోసం ఎగబీలుస్తుంటే, కోడలు చీర కొంగు ఆమె తల మీద పట్టుకొని నిలబడింది. ఇద్దరూ నన్ను ఒక్క మాట అనలేదు. వెనక వచ్చిన ఒక జీపు వాళ్లు ఆపి ఎక్కించుకున్నారు. ఆమె బతికింది, ఇప్పుడు బాగుంది. మీరంతా చూస్తూనే ఉన్నారు. నేను మీతో "బండి పాడైతే దేవుడు జీపు పంపాడు" అని సాక్ష్యం చెప్పాను. అది నిజమే. బండి ఎందుకు పాడైందో చెప్పలేదు.

సంఖ్యాకాండము 22వ అధ్యాయంలో బిలాము గాడిద సంగతి మీకు ఎన్నిసార్లు చెప్పి ఉంటాను! అది దారిలో దూతను చూసి మూడుసార్లు ఆగింది, మూడుసార్లూ బిలాము దాన్ని కొట్టాడు. సండే స్కూలు పిల్లలు నవ్వుతారు ఆ కథకు. నా ఫ్యూజు కూడా మూడుసార్లు ఆగింది. నేను దాన్ని కొట్టలేదు, నోరు కట్టేశాను. ఫ్యూజు బండిలో అన్నిటికంటే బలహీనమైన ముక్క. అలా ఉండాలనే తయారు చేస్తారు. మిగతా వైరు కాలకముందే అది కాలాలి. అది కాలినప్పుడల్లా నాకు కోపం వచ్చింది, ఎక్కడ రాసుకుంటోందో వెతకాలని అనిపించలేదు.

ఆ వారమంతా ఇదే ఆలోచిస్తుంటే ఇంకొకటి గుర్తుకొచ్చింది. ఇది రాయడానికే నాకు ఎక్కువ కష్టంగా ఉంది. ప్రహరీ గోడ కట్టేటప్పుడు కమిటీలో ఒక పెద్దాయన ఇసుక బిల్లులు చూపించమని అడిగారు. మూడు మీటింగుల్లో అడిగారు. మూడోసారి నేను, "అన్నా, దేవుని పనిలో అనుమానం మంచిది కాదు" అన్నాను. ఆయన తల వంచుకున్నారు. తర్వాత కమిటీకి రావడం మానేశారు. ఆరాధనకు వస్తున్నారు, వెనక వరుసలో కూర్చుంటున్నారు. మీటింగులు ప్రశాంతంగా జరుగుతున్నాయని నేను సంతోషించాను కూడా.

వైరింగ్ మళ్లీ చేశాం. ఈసారి ఆ తమ్ముడు చేశాడు, నేను టార్చి పట్టుకున్నాను. ఆంప్లిఫైయరుకు వేరే లైను. రెండు లైన్లకూ బ్యాటరీకి జానెడు దూరంలోనే చెరొక ఫ్యూజు, నీలం రంగు పదిహేను ఆంపియర్లవి. ఫ్యూజు కాపాడేది బల్బును కాదు వైరును, కాబట్టి మొదట్లోనే ఉండాలట. రంధ్రానికి రబ్బరు బుష్ పెట్టాడు. అతుకుల మీద టేపు బదులు వేడికి ముడుచుకునే స్లీవు వేశాడు. డ్యాష్‌బోర్డులో అరడజను స్పేర్ ఫ్యూజులు పెట్టి, పాన్ డబ్బా వైపు చూపిస్తూ నవ్వాడు. అతను అడిగిన కూలి రెండు వందలు. ఇంకా ఎక్కువ ఇస్తే తీసుకోలేదు.

మొన్న బుధవారం బిల్లుల కవరు పట్టుకొని పెద్దాయన ఇంటికి వెళ్లాను. మంచం మీద కూర్చోమన్నారు, టీ పెట్టించారు, కళ్లద్దాలు తెచ్చుకొని ఒక్కొక్కటి చదివారు. సిమెంటు సరిపోయింది. మేస్త్రీ కూలి సరిపోయింది. ఇసుకలో రెండు ట్రాక్టర్ల బిల్లు లేదు. నగదు ఇచ్చాను, రసీదు తీసుకోలేదు. అదే చెప్పాను. ఆయన కాసేపు నన్ను చూసి, "గట్లనే రాస్తా అయ్యగారూ, బిల్లు లేదని" అన్నారు. రాశారు. కింద నేను సంతకం పెట్టాను. ఆ పుస్తకం ఈ ఆదివారం ఆరాధన తర్వాత బల్ల మీద ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు.