మైనస్ ఒకటో రంగు

టెర్మినల్ వెనకాల వాల్‌పేపర్ కనబడితే ఒరిగేదేమీ లేదు. కోడ్ త్వరగా పూర్తవదు, బగ్‌లు తగ్గవు. పైగా అక్షరాలు చదవడం కాస్త కష్టమవుతుంది. అయినా లైనక్స్ వాడేవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ సరదా పుడుతుంది. నాకైతే పుట్టింది, ఇంకా పోలేదు.

మొదటి అడుగు సులువే. అలాక్రిటీ, కిట్టీ లాంటి టెర్మినళ్లలో ఒపాసిటీ 1 అని ఉన్నచోట 0.85 అని రాస్తే తెర పల్చబడి, వెనక వాల్‌పేపర్‌లోని కొండలు తొంగిచూస్తాయి. ఆ సంబరంలో విమ్ ఎడిటర్ తెరుస్తాం. తెరవగానే అడ్డంగా గోడ. కలర్‌స్కీమ్ తెచ్చిన ముదురు బూడిదరంగు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పరుచుకుంటుంది. విమ్ మూసేస్తే కొండలు మళ్లీ ప్రత్యక్షం.

టెర్మినల్లో నడిచే ప్రోగ్రాముకి పల్చదనం అనే ఊసే తెలీదు. దానికి తెలిసినవి రంగులు. 40 అని పంపితే వెనక నలుపు, 41 ఎరుపు, 44 నీలం, అలా 47 దాకా. తర్వాత 256 రంగులొచ్చాయి. ఆపైన ఎరుపు, ఆకుపచ్చ, నీలాలకు తలా ఒక అంకె ఇచ్చి 1,67,77,216 రంగులు చేశారు. ఎంత పల్చగా ఉండాలో చెప్పే నాలుగో అంకె మాత్రం అందులో లేదు. మనకు అక్కరకొచ్చేది పాతకాలపు 49. ‘నీ మామూలు రంగేదో అదే ఉంచు, నా వైపు నుంచి ఏమీ లేదు’ అని టెర్మినల్‌కి చెప్పడమన్నమాట. కిట్టీ అయినా అలాక్రిటీ అయినా మామూలుగా పల్చబరిచేది అలా వదిలేసిన గళ్లనే. ఎవరైనా వేరే రంగడిగిన గడిని ముట్టుకోవు.

పల్చబరచని నల్లటి టెర్మినల్లో 40కీ 49కీ తేడా కంటికి ఆనదు. బస్సులో ఖాళీ సీటూ, తువ్వాలు వేసిన సీటూ దూరం నుంచి ఒకలాగే ఉంటాయి కదా. కూర్చోబోతే గానీ సంగతి తెలీదు.

టెర్మినల్లో నడిచే ప్రోగ్రాములు చాలానే ఎన్‌కర్సెస్ లైబ్రరీ మీద రాసినవి. అందులో సున్నా అంటే నలుపు. ఏ రంగూ వద్దనుకుంటే మైనస్ ఒకటి. ఆ మైనస్ ఒకటి చెల్లాలంటే డిఫాల్ట్ రంగులు వాడతానని ముందే ఒక ఫంక్షన్‌ని పిలిచి చెప్పాలి. చెప్పకుండా రంగులు మొదలుపెడితే, లోకమంతా నలుపు మీద తెలుపే అనుకుని లైబ్రరీ తన పని చేసుకుపోతుంది. దాన్ని తప్పుపట్టలేం. 1978లో వచ్చిన వీటీ100 లాంటి పెట్టెల్లో నలుపంటే వెలగని గాజు. దాని వెనక ట్యూబూ తీగలూ తప్ప చూడ్డానికేముంది?

విమ్‌లో ‘నార్మల్’ అనే రంగుల గుంపు బ్యాక్‌గ్రౌండ్‌ని ‘నన్’ చేస్తే గోడ చాలావరకు కూలుతుంది. పూర్తిగా కాదు. ఎడమపక్క లైను నంబర్ల కింద సన్నటి పట్టీ మిగలొచ్చు, దానికి వేరే గుంపుంది. గుర్తులు పడే నిలువు వరస ఇంకో గుంపు. ఫైలు అయిపోయాక వరసగా దిగే టిల్డా గుర్తులకి మరోటి. నియోవిమ్‌లో తేలే పెట్టెలు సరేసరి. అన్నింటినీ బుజ్జగించి కూర్చున్నాక కలర్‌స్కీమ్ మారిస్తే రంగులన్నీ మళ్లీ మొదటికి. అందుకే స్కీమ్ మారినప్పుడల్లా ఈ చెరిపే పని దానంతటదే జరిగేలా ఆటోకమాండ్ రాసిపెట్టుకుంటారు. వెనక కొండలు కనబడాలంటే టెర్మినల్, మధ్యలో ఉంటే టీమక్స్, విమ్, కలర్‌స్కీమ్, అన్నీ నోరు మెదపకుండా ఉండాలి. ఒక్కటి ‘నలుపు’ అన్నా ఆట కట్టు.

ఇంతా చేసి, కనిపిస్తున్నది నిజంగా వెనకున్నదేనా? ఒకప్పుడు కాదు. ఈటెర్మ్, ఏటెర్మ్ రోజుల్లో టెర్మినల్ తానున్న చోటికి సరిపడా వాల్‌పేపర్ ముక్కను తెచ్చి తన వెనక అతికించుకునేది. మధ్యలో బ్రౌజర్ తెరిచి ఉన్నా, దాన్ని దాటేసి వాల్‌పేపరే కనబడేది. విండోని జరిపితే ముక్క మళ్లీ కత్తిరించుకోవాలి. అచ్చమైన అబద్ధమే గానీ ముచ్చటైన అబద్ధం. 2004లో, తెర మీద విండోలు గీయించే ఎక్స్ సర్వర్ 6.8తో కాంపోజిట్ ఎక్స్‌టెన్షన్ వచ్చాక, విండోలన్నింటినీ విడివిడిగా గీయించుకుని ఒకదానిమీద ఒకటి కలిపే వీలు కలిగింది. ఇవాళ ఎక్స్‌లో పైకామ్ లాంటివి చేసేది ఆ పనే. కాకపోతే ఇప్పుడు వాల్‌పేపర్‌తో పాటు వెనక తెరిచి ఉంచిన మెయిల్ కూడా కోడ్ సందుల్లోంచి పలకరిస్తుంది. పాత అబద్ధమే నయమేమో అనిపించే సందర్భాలు లేకపోలేదు.

ఒక్క మిడ్‌నైట్ కమాండర్ అనే ఫైల్ మేనేజర్ జోలికి మాత్రం నేను పోను. దానికీ బ్యాక్‌గ్రౌండ్ వదిలేసే స్కిన్లున్నాయి, పెట్టి చూశాను. రెండు పలకల్లో ఫైళ్ల పేర్లు కొండల మీద తేలుతుంటే ఏది ఫోల్డరో ఏది రాయో పోల్చుకోలేకపోయాను. దాని అసలు బ్యాక్‌గ్రౌండ్ డాస్ నాటి నార్టన్ కమాండర్ నుంచి వారసత్వంగా వచ్చిన నీలం. దాని వెనక ఏముందో చూడాలని నాకెప్పుడూ అనిపించలేదు.