సునామీ – ప్రమాణ విచారం

శాంతి మంత్రాల చివర 'శాంతి' పదాన్ని మూడు పర్యాయాలు ఉచ్చరించడం సంప్రదాయం. ఆధ్యాత్మికం, ఆధిభౌతికం, ఆధిదైవికం అనే తాపత్రయం ఉపశమించాలన్నదే అందలి ఆంతర్యమని పెద్దల వివరణ. తన దేహ మనస్సుల నుండి పుట్టేది మొదటిది. ఇతర ప్రాణుల వలన కలిగేది రెండవది. పిడుగు, వరద, భూకంపం వంటి ప్రకృతి శక్తుల వలన సంభవించేది మూడవది. మొదటి రెండింటి నివారణకు మానవుడు తన వంతు ప్రయత్నం చేస్తూనే ఉంటాడు. మూడవదాని దగ్గరకు వచ్చేసరికి మాత్రం 'దైవికం' అన్న మాట వినగానే చేతులు ముడుచుకొని కూర్చుంటాడు. ఆధిదైవికమంటే దాని మూలం మానవుని అధీనంలో లేదని అర్థమే గాని, దాని బారి నుండి తప్పించుకొనే మార్గమే లేదని అర్థం కాదు. ఈ భేదాన్ని విస్మరిస్తే కలిగే నష్టం ఎంతటిదో 2004 డిసెంబరు 26న హిందూ మహాసముద్రంలో పుట్టిన సునామీ లోకానికి చాటింది.

ఆనాడు ఆదివారం, మార్గశిర పూర్ణిమ. భారత కాలమానం ప్రకారం ఉదయం 6 గంటల 28 నిమిషాలకు సుమత్రా ద్వీపపు వాయవ్య తీర సమీపంలో సముద్రగర్భం చీలింది. ఆ చీలిక ఉత్తర దిశగా నికోబార్, అండమాన్ దీవుల వరకు సుమారు 1,300 కిలోమీటర్ల మేర దాదాపు పది నిమిషాలలో వ్యాపించింది. భూకంప తీవ్రత 9.1. తదనంతరం లేచిన తరంగాలకు 14 దేశాలలో సుమారు 2,27,000 మంది బలి అయ్యారు. ఆంధ్ర తీరంలో నూరుమందికి పైగా మరణించారు. పూర్ణిమనాడు సముద్రస్నానం చేయ వచ్చినవారు కూడా వారిలో ఉన్నారు.

భూమికి 'అచల', 'స్థిర' అనే నామాలను అమరకోశం చెబుతుంది. వ్యవహారంలో అది సత్యమే. కాని 'జగత్తు' అన్న శబ్దానికి కదిలేది అని వ్యుత్పత్తి. జగత్తులో భాగమైన భూమికి మాత్రం చలనం లేకుండా ఎలా ఉంటుంది? భూమి పై పొర కొన్ని మహాఫలకాలుగా విడివడి ఉన్నది. భారత ఫలకం ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున, మనిషి గోరు పెరిగేటంత మెల్లగా, సుమత్రా-అండమాన్ దీవుల పడమటి అగడ్త వద్ద తూర్పు ఫలకం కిందికి దూరుతూ ఉంటుంది. ఆ రెండు ఫలకాలు రాసుకొనే చోట ఘర్షణ వలన అవి బిగుసుకుపోతాయి. కింది ఫలకం ఆగదు. పై ఫలకపు అంచును తనతో పాటు కిందికి లాగుతుంది. అంచు ఎక్కుపెట్టిన వింటిబద్ద వలె వంగుతూ, శతాబ్దాల తరబడి శక్తిని కూడబెట్టుకుంటుంది. ఘర్షణ ఓడిపోయిన క్షణాన ఆ అంచు ఒక్కసారిగా పైకి ఎగురుతుంది. దాని వెనుకనున్న నేల కుంగుతుంది. 2004లో నికోబార్ దక్షిణాగ్రాన ఉన్న ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగగా, అక్కడి దీపస్తంభపు పాదం సముద్రంలో మునిగింది.

సముద్రగర్భం పైకి లేచినప్పుడు దానిపై ఉన్న జలరాశి యావత్తూ లేస్తుంది. గాలికి పుట్టే అల ఉపరితలాన్ని మాత్రమే కదిలిస్తుంది. సునామీ తరంగం అడుగు వరకు ఉన్న నీటినంతటినీ కదిలిస్తుంది. నాలుగు కిలోమీటర్ల లోతున అది గంటకు సుమారు 700 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అయినా నడిసంద్రంలో దాని ఎత్తు స్వల్పమే; భూకంపం వచ్చిన రెండు గంటలకు ఒక ఉపగ్రహం కొలిచిన ఎత్తు దాదాపు 60 సెంటీమీటర్లు. పడవలోని జాలరికి తన కింది నుండి మృత్యువు దాటిపోయిన సంగతి తెలియదు. లోతు తగ్గేకొద్దీ వేగం తగ్గి, వెనుకనుండి వచ్చే నీరు ముందున్న నీటిపై పేరుకొని, తీరాన గోడవలె నిలుస్తుంది. అది చెన్నై తీరాన్ని తాకడానికి సుమారు రెండున్నర గంటలు పట్టింది. ఆ రెండున్నర గంటలలో తీరవాసులకు తెలిపినవారు లేరు. సునామీ విషయంలో అసలు ప్రశ్న ఇక్కడే ఉదయిస్తుంది. రాబోయే ఆపదను తెలుసుకోవడానికి ప్రమాణమేది?

మొదటిది ప్రత్యక్షం. ఆంధ్ర తీరం ఉప్పెనను ఎరుగును. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన పదివేల మందిని మింగింది. కాని ఉప్పెనకు ముందు గాలి వీస్తుంది, మబ్బు కమ్ముతుంది, వాన కురుస్తుంది. 2004 నాటి ఉదయం ఆకాశం నిర్మలంగా ఉన్నది. ఎరిగిన ఆపద లక్షణాలు కానరాకపోవడం చేత ఎరుగని ఆపదను ఎవరూ శంకించలేదు. 'సముద్రం వెనుకకు పోతేనే సునామీ' అన్న నమ్మకం కూడా సంపూర్ణ సత్యం కాదు. నేల కుంగిన వైపున్న థాయ్‌లాండ్ తీరంలో నీరు మొదట వెనుకకు తగ్గింది. నేల లేచిన వైపున్న భారత తీరానికి మొదట వచ్చినది పొంగే. దూరతీరంలో ప్రత్యక్షం ఒక్కటే చాలదు.

రెండవది అనుమానం. పొగను చూచి నిప్పును ఊహించినట్లు, ఇసుక పొరను చూచి పూర్వ తరంగాన్ని ఊహించడం శాస్త్రజ్ఞుల పద్ధతి. థాయ్‌లాండ్‌లోని ఫ్రాథాంగ్ ద్వీపంలో పల్లపు నేలను తవ్వగా, 2004 నాటి ఇసుక పొర కింద నల్లని మట్టి, దాని కింద అటువంటిదే మరొక ఇసుక పొర కనబడ్డాయి. ఆ పాత పొర సుమారు 600 ఏళ్ల నాటిది. అనగా ఈ ఆపద అపూర్వం కాదు. కేవలం మరపునకు వచ్చినది. అయితే అనుమానం 'మరల వచ్చును' అని చెప్పగలదే గాని, ఏ దినాన వచ్చునో చెప్పలేదు.

మూడవది శబ్దం. సుమత్రా పడమట, భూకంప కేంద్రానికి అతి చేరువలో సిమెలూ అనే ద్వీపమున్నది. 1907లో అక్కడ సునామీ వచ్చి ఎందరో మరణించారు. నాటి నుండి ఆ ద్వీపపు తాతలు, అవ్వలు 'స్మాంగ్' అనే మాటతో ఆ వృత్తాంతాన్ని కథలుగా, జోలపాటలుగా పిల్లలకు చెబుతూ వచ్చారు. నేల గట్టిగా కంపించి, సముద్రం వెనుకకు తగ్గితే, ఏ వస్తువు కోసమూ ఆగక కొండకు పరుగెత్తవలెనన్నది అందలి సారం. 2004లో తరంగం ఆ ద్వీపాన్ని కొద్ది నిమిషాలలోనే చేరింది. ఏ యంత్రమూ అంత త్వరగా హెచ్చరించలేదు. అయినా దాదాపు 78,000 మంది జనాభాలో మరణించినవారు ఏడుగురు మాత్రమే. గురుముఖతః విన్న దానిని తరం తరానికి అందించడమంటే ఏమిటో వేదాన్ని శ్రుతిగా కాపాడుకొన్న జాతికి వేరుగా వివరించనక్కరలేదు.

దూరతీరాలకు ఆప్తవాక్యం మరొక రూపంలో కావలసి వచ్చింది. 2007 అక్టోబరులో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం ప్రారంభమైంది. భూకంపమాపకాలు, సముద్రపు అడుగున నీటి ఒత్తిడిని కొలిచే పరికరాలు, తీరాన నీటిమట్టాన్ని కొలిచే సాధనాలు దానికి ఇంద్రియాలు. భారత తీరానికి భయస్థానాలు రెండు: తూర్పున అండమాన్-సుమత్రా అగడ్త, పడమట మక్రాన్ అగడ్త. 1945 నవంబరు 28న మక్రాన్‌లో పుట్టిన సునామీ బొంబాయి వరకు వచ్చింది. ప్రతి మహాభూకంపమూ సునామీని కనదు. 2012 ఏప్రిల్ 11న సుమత్రా సమీపంలో 8.6 తీవ్రతతో భూమి కంపించినా, శిలలు పక్కలకు జరిగాయే గాని నిలువునా లేవలేదు. అందుచేత మహాతరంగం పుట్టలేదు. ఈ వివేచన చేయడమే ఆ కేంద్రపు పని.

2004 అనంతరం కొందరు 'అది మరణించినవారి కర్మఫలం' అన్నారు. ఇది కర్మ సిద్ధాంతాన్ని అపార్థం చేసుకోవడమే. ఒకరి ప్రారబ్ధం మరొకరికి అదృష్టం, అనగా కానరానిది. దానిని చదివినట్లు పలకడం సర్వజ్ఞత్వాన్ని ఆరోపించుకోవడం. దృష్టమైన కారణం లభిస్తుండగా అదృష్టాన్ని కల్పించరాదని మీమాంసకులే హెచ్చరించారు. సిమెలూ వాసి బ్రతకడానికి, ఎదురుతీరాన ఆచే వాసి మరణించడానికి దృష్టకారణం ఉన్నది: ఒకనికి అవ్వ చెప్పింది, మరొకనికి చెప్పినవారు లేరు. ఎదుటివాని గతాన్ని విచారించడానికి కాక, తన వర్తమాన కర్తవ్యాన్ని నిర్ణయించుకోవడానికే కర్మ సిద్ధాంతం ఉపదేశింపబడినది.

ఆ కర్తవ్యం ఏమంత కఠినం కాదు. కార్తిక, మాఘ స్నానాలకు సముద్రతీరం చేరే యాత్రికుడు సంకల్పం చెప్పుకొనే ముందు మెరక ఎటు ఉన్నదో చూచుకోవాలి. నేల చాలాసేపు గట్టిగా కంపించినా, సముద్రం అకాలంలో తగ్గినా పొంగినా, విపరీత ఘోష వినిపించినా, అధికారుల హెచ్చరిక అందినా వెంటనే ఎత్తైన చోటికి వెళ్లాలి. మొదటి తరంగం తగ్గగానే తిరిగి రారాదు. తరువాతివి మరింత పెద్దవి కావచ్చు, గంటల తరబడి రావచ్చు. ఈ నాలుగు మాటలు ఇంటిలోని పిల్లలకు కథగా చెప్పిన పెద్దలు, రాబోయే తరంలో తాము ఎన్నడూ చూడబోని వారి ప్రాణాలను సైతం కాపాడినవారవుతారు.